సంతకం పెట్టమంటున్నారు: పిల్లల టీచర్ నడవడికను తల్లిదండ్రులు ఎంతవరకు చూడాలి?

మెట్టుగూడ అమ్మ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ వందనాలు. మా అమ్మాయి సికింద్రాబాద్‌లో ఒక క్రైస్తవ సంఘం నడిపే బడిలో 7వ తరగతి చదువుతోంది. బడి పేరు రాయను, దయచేసి ఎవరూ అడగవద్దు.

గత శనివారం మధ్యాహ్నం బడి వదిలే వేళకు గేటు దగ్గరికి వెళ్లేసరికి, గోడవారగా నిలబెట్టిన స్కూటీ సీటు మీద గీతల కాగితం ఒకటి, అది గాలికి ఎగరకుండా దాని మీద టిఫిన్ డబ్బా ఒకటి పెట్టి ఉన్నాయి. మా తరగతి తల్లులు నలుగురు దాని చుట్టూ నిలబడి ఉన్నారు. చూస్తే అది ప్రిన్సిపాల్ గారికి రాసిన విన్నపం. మా పిల్లల క్లాస్ టీచర్, అంటే లెక్కలు చెప్పే మేడమ్, భర్తను విడిచి వేరుగా ఉంటున్నారనీ, ఆ ఇంటికి ఎవరో వచ్చిపోతుంటారని వీధిలో అనుకుంటున్నారనీ, అటువంటి మనిషి శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో విలువల పాఠం చెప్పడం క్రైస్తవ బడికి తగదనీ, ఆమెను ఆ పాఠం నుంచీ, వీలైతే బడి నుంచే తప్పించాలనీ అందులో ఉంది. అప్పటికే 31 సంతకాలు పడ్డాయి. పెన్ను నా చేతికిచ్చారు. మా వారిని అడిగి చెబుతానని తప్పించుకుని వచ్చేశాను. నిజానికి మా వారిని అడగవలసిన పని లేదు, ఆ క్షణంలో నోటికి వచ్చిన సాకు అది.

ఆ మేడమ్ గురించి నాకు ప్రత్యక్షంగా తెలిసింది ఒక్కటే. జూలైలో జరిగిన పరీక్షలో మా అమ్మాయి భిన్నాల లెక్క సరిగ్గానే చేసినా తప్పని కొట్టేశారు. అమ్మాయి భయపడి అడగలేదు, నేనూ గమనించలేదు. మరుసటి వారం ఆమే పేపర్లు మళ్లీ తీసుకురమ్మని, ఆ లెక్క బోర్డు మీద చేసి చూపించి, తప్పు తనదని తరగతి అందరి ముందూ ఒప్పుకుని, ఏడుగురు పిల్లల మార్కులు దిద్ది, దిద్దిన ప్రతిచోటా తేదీ వేసి పొడి అక్షరాలతో సంతకం చేశారు. మా అమ్మాయి ఆ పేపరును ఇంకా దాచుకుంది.

అయినా నా మనసు స్థిమితంగా లేదు. బిడ్డను ఎవరి చేతిలో పెడుతున్నామో చూసుకోవడం తల్లిదండ్రుల బాధ్యత కాదా అని ఒకవైపు, నేను చూడని సంగతి మీద సంతకం ఎలా పెట్టడమని మరొకవైపు లాగుతున్నాయి. ఆ కాగితం ఈ శనివారం మళ్లీ వస్తుంది. పెద్దలు ఎవరైనా వివరంగా రాయగలరు.

అల్వాల్ నాన్న | సోమవారం, రాత్రి 10:25

సిస్టర్, వందనాలు. కఠినంగా రాస్తున్నానని అనుకోవద్దు, మీ స్థానంలో నేనుంటే సంతకం పెట్టేవాణ్ని.

లూకా సువార్త 6వ అధ్యాయం 40వ వచనాన్ని మనం తొందరగా చదివి దాటేస్తాం. శిష్యుడికి తన బోధకుడికి తెలిసినంతా తెలుస్తుందని ప్రభువు అక్కడ చెప్పలేదు, శిష్యుడు తన బోధకుడిలా ఉంటాడని చెప్పారు. మా వాడు 4వ తరగతి. వాళ్ల తెలుగు మాస్టారు పాఠం మొదలుపెట్టే ముందు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటారట. మా వాడికి కళ్లజోడే లేదు. అయినా హోంవర్క్‌కు కూర్చునే ముందు కళ్ల దగ్గర వేళ్లు పెట్టి, ఏదో తీసినట్టు, చొక్కాతో తుడిచినట్టు, మళ్లీ పెట్టుకున్నట్టు చేస్తాడు. ఇంత చిన్న సంగతి కూడా వాడిలోకి దిగుతున్నప్పుడు, ఆ మాస్టారి జీవితం దిగదని మనం ఎలా అనుకోగలం?

ఇంకొక మాట. లెక్కలు ఏ బడిలోనైనా చెబుతారు. ఇంటి పక్కన ఉన్న బడి వదిలి, రెండు బస్సులు మారి, అప్పు చేసి ఫీజు కట్టి పిల్లలను సంఘం బడికి పంపేది, అక్కడ చెప్పే మనుషులు వేరుగా ఉంటారన్న నమ్మకంతోనే. ఆ నమ్మకానికి జవాబు అడిగే హక్కు కూడా మనకు లేకపోతే, గేటు మీద సిలువ ఎందుకు? బోధకులకు తీర్పు మరింత కఠినంగా ఉంటుందని యాకోబు రాసింది పాస్టర్లను ఉద్దేశించే అని సరిపెట్టుకోవడం నాకు సులభంగా అనిపించడం లేదు.

తార్నాక టీచర్ | మంగళవారం, ఉదయం 5:50

నేను ఈ నగరంలో 22 ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను, అందులో 14 ఏళ్లు సంఘాలు నడిపే బడుల్లోనే. అల్వాల్ నాన్న గారూ, మీ అబ్బాయి కళ్లజోడు సంగతి చదివి నవ్వుకున్నాను, ఎందుకంటే మీ వాదానికి బలమూ అందులోనే ఉంది, జవాబూ అందులోనే ఉంది. మీ అబ్బాయి నేర్చుకున్నది తరగతి గదిలో తాను కళ్లారా చూసినది. ఆ మాస్టారు ఇంట్లో భార్యతో ఎలా మాట్లాడతారో అతనికి తెలియదు, మీరు చెబితే తప్ప.

మా మీద ఎన్ని కళ్లు ఉంటాయో తల్లిదండ్రులకు తెలుసో లేదో. ఏ సంఘానికి వెళ్తున్నాం, వెళ్లని ఆదివారం ఎందుకు వెళ్లలేదు, అద్దె ఇంటికి ఎవరు వచ్చారు, పెళ్లి ఎందుకు కాలేదు, అయితే పిల్లలు ఎందుకు లేరు అని అడుగుతూనే ఉంటారు. మగ టీచర్లను ఈ ప్రశ్నలు ఎవరూ అడగరు, స్టాఫ్ రూమ్‌లో ఇది అందరికీ తెలిసిన సంగతే. ఒంటరిగా ఉంటున్న స్త్రీకి అన్నయ్య వచ్చినా వీధి లెక్కపెడుతుంది.

ఇక పిల్లలకు నిజంగా తగిలే నడవడిక గురించి చెబుతాను. నేను పనిచేసిన ఒక బడిలో సైన్సు చెప్పే ఒకాయన సాయంత్రం ఇంట్లో ట్యూషన్ పెట్టేవారు. ట్యూషన్‌కు వచ్చే పిల్లలకు ప్రాక్టికల్ మార్కులు 20కి 19 పడేవి, రాని పిల్లలకు 13 దాటేవి కావు. పిల్లలకు ఈ లెక్క 6వ తరగతిలోనే అర్థమైపోయింది. ఆయన సంఘంలో కానుకలు లెక్కపెట్టే పెద్ద, ఉపవాస ప్రార్థనల్లో ఎప్పుడూ ముందు వరుస. ఆయన మీద ఎవరూ కాగితం తిప్పలేదు. తిప్పవలసిన తల్లిదండ్రులే పిల్లలను ఆ ట్యూషన్‌లో చేర్పించారు. విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదని ఆ రోజుల్లో నేను స్టాఫ్ మీటింగ్‌లో అంటే, నన్నే ఆ పాఠశాలలో అణకువ లేని మనిషిగా చూశారు.

మెట్టుగూడ అమ్మా, తన తప్పును బోర్డు మీద దిద్దుకున్న టీచర్‌ను నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టగలను. నేనూ అన్నిసార్లూ దిద్దుకోలేదు.

గ్రంథాలయం మూల | మంగళవారం, మధ్యాహ్నం 1:15

నేను సంఘ చరిత్ర చదువుకునేవాణ్ని, వేదాంత కళాశాల గ్రంథాలయంలో పని. మీరు అడుగుతున్న ప్రశ్న క్రైస్తవ తల్లిదండ్రులకు మొదటి శతాబ్దాల నుంచీ ఉన్నదే కాబట్టి కొంచెం వెనక్కు వెళ్తాను, ఓపిక పట్టండి.

అప్పటి రోమా సామ్రాజ్యంలో క్రైస్తవ బడులు లేవు. చదువు కావాలంటే అన్య దేవతల కథలు చెప్పే గురువు దగ్గరికే వెళ్లాలి. సుమారు 200 నాటి క్రైస్తవ రచయిత తెర్తుల్లియను ఎంత కఠినుడో చదివినవారికి తెలుసు. ఆయన క్రైస్తవుడు ఆ బడిలో గురువుగా ఉండకూడదన్నాడు గానీ, క్రైస్తవ పిల్లలు అక్కడ చదువుకోవడాన్ని మాత్రం ఒప్పుకున్నాడు. ఎందుకంటే చదువు లేకపోతే లేఖనాలు చదవడం కూడా కుదరదు. మోషే ఐగుప్తీయుల విద్యలన్నీ నేర్చాడని అపొస్తలుల కార్యములు 7వ అధ్యాయంలోనే ఉంది. దానియేలుకు కల్దీయుల భాష నేర్పినవారు ఎవరి ఇంట్లో ఎలా ఉండేవారో ఆ గ్రంథం చెప్పదు. రాజు పెట్టిన భోజనం మాత్రం వద్దన్నాడు. చదువును కాదనలేదు.

తర్వాత జెరోము అనే క్రైస్తవ పండితుడు. రోములో లేటా అనే తల్లి తన కూతురు పౌలాను ఎలా పెంచాలని అడిగితే, సుమారు 403లో ఆయన పెద్ద ఉత్తరం రాశాడు. గురువును ఎంచుకునేటప్పుడు వయసూ నడవడికా పాండిత్యమూ మూడూ చూడమని అందులో ఉంది. ఇది అల్వాల్ నాన్న గారికి అనుకూలం, దాచను. అయితే అదే ఉత్తరంలో మరో మాట కూడా ఉంది. తాను కూడా చేస్తే పాపమయ్యే పని ఏదీ ఆ బిడ్డ తల్లిలో గానీ తండ్రిలో గానీ చూడకూడదని. గురువు గురించి అడిగిన తల్లికి ఆయన ఇంటి గురించి కూడా జవాబిచ్చాడు.

అసలు నేను రాయాలనుకున్నది క్రైస్తవాన్ని వదిలి పాత దేవతలను కొలిచిన రోమా చక్రవర్తి జూలియన్ సంగతి. 362 జూన్‌లో ఆయన ఒక శాసనం చేశాడు. గురువులు ముందు నడవడికలో, తర్వాత వాక్పటిమలో శ్రేష్ఠులై ఉండాలనీ, గురువుగా పనిచేయదలచినవారిని పుర సభ పరీక్షించి ఆమోదించాలనీ దాని సారాంశం. చదవగానే మనమందరం ఆమేన్ అనే శాసనం అది. దాని వెనుకే ఆయన ఉద్దేశమేమిటో వివరించే లేఖ వెలువడింది. తాను నమ్మని దేవతల గురించి పాఠం చెప్పేవాడు కపటి, కపటి నీతిమంతుడు కాడు, కాబట్టి క్రైస్తవులు గ్రీకు కవి హోమరును బోధించడానికి పనికిరారు అని అందులో వాదించాడు. ఏథెన్స్‌లో ప్రొహెరేసియస్, రోములో మారియస్ విక్టోరినస్ వంటి పేరున్న క్రైస్తవ గురువులు తమ స్థానాలు వదులుకోవలసి వచ్చింది. క్రైస్తవుడు కాని చరిత్రకారుడు అమ్మియానుస్, జూలియన్‌ను ఎంతో మెచ్చుకున్నవాడు, ఈ శాసనాన్ని మాత్రం మౌనంలో పాతిపెట్టదగినదిగా ఎంచాడు. మరుసటి ఏడే జూలియన్ యుద్ధంలో చనిపోయాడు, శాసనమూ ఎక్కువ కాలం నిలవలేదు.

కాగితం మీద నడవడిక అని ఉంటుంది, దాని కింద ఉద్దేశం వేరే ఉండవచ్చు. ఆ 31 సంతకాల కాగితం వెనుక ఏముందో మెట్టుగూడ అమ్మగారు కనుక్కోవడం మంచిదని నా అభిప్రాయం.

లాలాగూడ తాతయ్య | మంగళవారం, సాయంత్రం 6:30

నేను రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైరైనవాణ్ని, ఫోన్‌లో టైపు చేయడం మనవరాలు నేర్పింది, తప్పులుంటే క్షమించాలి.

మా బోర్డింగ్ బడిలో, 1962 ప్రాంతం మాట, డ్రిల్లు మాస్టారు సంతలో చుట్ట తాగుతూ పెద్దల కంట పడ్డాడు. ఆరు నెలలు ఆయనను ప్రభువు బల్లకు, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనకు, దూరంగా ఉంచారు. ఆదివారం ఆయన వెనుక బెంచీలో తల వంచుకుని కూర్చోవడం నాకు ఇంకా కనిపిస్తుంది. అదే బడిలో భోజనాల వార్డెన్ కొత్తగా చేరిన ప్రతి పిల్లవాణ్నీ మీది ఏ పేట అని అడిగి, జవాబును బట్టి ఈ వరుసలోనో ఆ వరుసలోనో కూర్చోబెట్టేవాడు. ఒకే దేవుణ్ని ఆరాధించే పిల్లలం, ఒకే గంజి తాగేవాళ్లం, వరుసలు మాత్రం రెండు. ఆయనను ఎవరూ ఏ బల్లకూ దూరం చేయలేదు. పైగా భోజనానికి ముందు ప్రార్థన ఆయనే చేసేవాడు.

డ్రిల్లు మాస్టారి చుట్ట చూసి నేను చుట్ట నేర్చుకోలేదు. వార్డెన్ నేర్పిన వరుసలు నా బుర్రలోంచి పోవడానికి సగం జీవితం పట్టింది.

వకీలు, సికింద్రాబాద్ కోర్టు | మంగళవారం, రాత్రి 8:10

చట్టం కోణం నుంచి కొన్ని విషయాలు. తార్నాక టీచర్ గారికి ముందుగా చిన్న దిద్దుబాటు: 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు విద్యాహక్కు చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని చెప్పింది. అందువల్ల 28వ సెక్షన్‌ను సంఘం బడి మీద ప్రయోగించడం కష్టం. అలాగని పిల్లలను కొట్టవచ్చని కాదు. బాలల న్యాయ చట్టం, 2015లోని 75వ సెక్షన్ ప్రకారం తన సంరక్షణలో ఉన్న పిల్లల మీద క్రూరత్వం చూపినవారికి 3 ఏళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు.

సంఘం బడి యాజమాన్యానికి టీచర్ల నియామకంలో, క్రమశిక్షణలో విస్తృతమైన స్వేచ్ఛ ఉంది, అది రాజ్యాంగం 30వ అధికరణం నుంచి వచ్చింది. ఆ విషయంలో ముఖ్యమైన తీర్పుల్లో ఒకటి మన ఊరి ఆల్ సెయింట్స్ పాఠశాల పేరుతోనే 1980లో సుప్రీంకోర్టు ఇచ్చింది. టీచర్‌ను తొలగించడానికి ప్రభుత్వ ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన నిబంధన మైనారిటీ సంస్థలకు చెల్లదని అందులో తేలింది. అయితే స్వేచ్ఛ ఉందంటే విచారణ లేకుండా ఇష్టం వచ్చినట్టు తీసేయవచ్చని కాదు. ఆరోపణ ఏమిటో ఆమెకు చెప్పాలి, ఆమె జవాబు వినాలి.

ఇక మీ కాగితం సంగతి. భారతీయ న్యాయ సంహితలో పరువు నష్టం 356వ సెక్షన్ కింద వస్తుంది. అధికారం ఉన్నవారికి సద్భావనతో చేసిన ఫిర్యాదుకు మినహాయింపు ఉంది గనుక, ప్రిన్సిపాల్‌కు విన్నపం ఇవ్వడమే నేరం కాదు. కానీ సద్భావన అంటే చట్టం దృష్టిలో మంచి మనసు ఒక్కటే చాలదు, తగిన శ్రద్ధా జాగ్రత్తా తీసుకుని ఉండాలి. వీధిలో అనుకుంటున్నారన్న మాట ఆ పరీక్షకు నిలవదు. అదే కాగితాన్ని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో తిప్పితే ఆ మినహాయింపు దొరకడం మరీ కష్టం. ఎవరైనా అప్పటికే తిప్పి ఉంటే తొలగించమని చెప్పండి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి ఉంది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని గానీ జరగవచ్చని గానీ ఎవరికి తెలిసినా పోలీసులకు చెప్పితీరాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద 6 నెలల వరకు, సంస్థ అధిపతి తన కింద పనిచేసేవారి విషయం దాచిపెడితే ఏడాది వరకు జైలు. చేసినవాడు బడి సిబ్బంది అయితే నేరం మరింత తీవ్రమైనదిగా పరిగణిస్తారు. ఇందులో పెద్దల రాజీకి తావు లేదు, సంఘ కమిటీ అనుమతి అవసరం లేదు. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయవచ్చు. నగరంలో 2016 నుంచి హాకా భవన్‌లో భరోసా కేంద్రం ఉంది, బిడ్డను పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కించకుండానే అక్కడ వాంగ్మూలం, వైద్యం, న్యాయ సహాయం దొరుకుతాయి.

నిర్వాహకులు | మంగళవారం, రాత్రి 11:05

ఒక సభ్యుడు ఊహించి ఒక బడి పేరు రాసిన సందేశాన్ని తొలగించాము. బడి పేరు గానీ టీచర్ పేరు గానీ గుర్తుపట్టే వివరాలు గానీ రాసినవారి సభ్యత్వం నిలిపివేస్తాము.

పేరు వద్దు | బుధవారం, రాత్రి 1:20

వకీలు గారి చివరి పేరా చదివాక నిద్ర పట్టలేదు.

చాలా ఏళ్ల కిందటి మాట. మా అబ్బాయికి అప్పుడు 10 ఏళ్లు. ఒక సంఘం హాస్టల్‌లో ఉండి చదువుకునేవాడు. సెలవులకు వచ్చినవాడు తిరిగి వెళ్లనన్నాడు. అడిగితే చెప్పలేదు, వాళ్లమ్మ అడిగితే ఒక మాస్టారి పేరు చెప్పి మంచం కిందికి దూరాడు. అంతకంటే ఇక్కడ రాయను.

నేను సంఘ పెద్దల దగ్గరికి వెళ్లాను. నన్ను లోపలి గదిలో కూర్చోబెట్టి, తలుపు వేసి, ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా దోషారోపణ అంగీకరించకూడదని తిమోతికి రాసిన మొదటి పత్రిక చూపించారు. పదేళ్ల పిల్లవాడికి ముగ్గురు సాక్షులను నేను ఎక్కడి నుంచి తేవాలి? బయటికి పొక్కితే అన్యుల ముందు మన సాక్ష్యం చెడిపోతుందన్నారు. ప్రార్థన చేశారు. ఆ ప్రార్థనలో కళ్లు మూసుకుని నేనూ ఆమేన్ అన్నాను. ఇంటికి వచ్చి మా వాణ్ని వేరే బడిలో చేర్పించాను. కొత్త బడికి ఇచ్చిన టీసీలో వాడి నడవడిక అనే చోట సంతృప్తికరం అని రాశారు.

ఆ మాస్టారు రెండేళ్ల తర్వాత మరో జిల్లాలో మరో హాస్టల్‌లో కనిపించాడని తెలిసింది. ఆయనకూ మంచి నడవడిక ధృవపత్రం ఇచ్చే పంపించి ఉంటారు. అక్కడి పిల్లల తల్లిదండ్రులకు నేను చెప్పలేదు. ఆనాడు చట్టం ఉందో లేదో నాకు తెలియదు, ఉన్నా నేను వెళ్లి ఉండేవాణ్ని కాదేమో, ఎందుకంటే అప్పట్లో నాకు పోలీసుల కంటే సంఘ పెద్దలంటేనే భయం. మా వాడికి ఇప్పుడు 31 ఏళ్లు. చర్చికి రాడు. నేను రమ్మనను.

టీచర్ భర్తతో ఉంటున్నదా లేదా అని 31 మంది సంతకాలు పెట్టారని చదివాను. ఆ రోజు నాకు ఒక్క సంతకం దొరికి ఉంటే బాగుండేది.

వకీలు, సికింద్రాబాద్ కోర్టు | బుధవారం, ఉదయం 9:00

సోదరా, మీకు వ్యక్తిగత సందేశం పంపాను. ఆ వ్యక్తి ఇప్పటికీ పిల్లల మధ్య పనిచేస్తుంటే ఆలస్యమైందని ఊరుకోవద్దు, మీ అబ్బాయి ఇష్టాన్ని బట్టి ఏం చేయవచ్చో కూర్చుని మాట్లాడుకుందాం. ఆ వచనం గురించి ఒక మాట చెప్పాలి. పౌలు రాసినది సంఘం లోపల పెద్దల మీద వచ్చే ఫిర్యాదును సంఘం ఎలా తీసుకోవాలన్న నియమం. బిడ్డ మీద జరిగిన నేరానికి బిడ్డ మాటే సాక్ష్యం, కోర్టులు కూడా ఆ ఒక్క సాక్ష్యం నమ్మదగినదైతే శిక్ష వేస్తాయి.

సంతకం పెట్టినదాన్ని | బుధవారం, మధ్యాహ్నం 2:40

మెట్టుగూడ అమ్మగారూ, మీరు చెబుతున్న కాగితం ఏదో నాకు అర్థమైంది. దాని మీద నా సంతకం ఉంది, ఎన్నోదో చెప్పను.

నేనెందుకు పెట్టానో చెబుతాను, నిందించేవారు నిందించండి. మా చెల్లెలు రెండేళ్లుగా మా ఇంట్లోనే ఉంటోంది, భర్త కొడితే వచ్చేసింది. మా అత్తగారు ఈ సంగతి సంఘంలో ఎవరికీ తెలియనివ్వరు, ఉద్యోగం కోసం వచ్చిందని చెబుతాం. ఆ రోజు గేటు దగ్గర నాకు పెన్ను ఇచ్చినప్పుడు, పెట్టకపోతే ఈమె ఇంట్లో కూడా ఏదో ఉందని అనుకుంటారేమోనని చెయ్యి దానంతటదే కదిలింది. టీచర్ గురించి నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. ఆమె కూడా దెబ్బలకు తాళలేకే వచ్చిందేమో, ఎవరమూ అడగలేదు.

గ్రంథాలయం మూల గారు కాగితం వెనుక ఏముందో కనుక్కోమన్నారు కదా, కొంత తెలుసు. దాన్ని మొదట రాసినావిడ కూతురికి అర్ధ సంవత్సర పరీక్షలో ఆ మేడమ్ మార్కులు కలపనన్నారు.

అల్వాల్ నాన్న | బుధవారం, రాత్రి 10:50

మొదట, పేరు వద్దు అన్న సోదరుడికి. మీరు రాసినది మా ఆవిడకు చదివి వినిపించాను. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. మా వాడిది డే స్కూలే అయినా, రాత్రి వాణ్ని లేపకుండా పక్కన కూర్చున్నాను.

నా మాట పూర్తిగా వెనక్కు తీసుకోవడం లేదు. టీచర్ ఇంటి బతుకు తరగతిలోకి ఎప్పటికీ రాదని మీరంతా అంటే నేను ఒప్పుకోలేను. ఈ కాలంలో టీచర్లు ఫోన్లో పెట్టే ప్రతి వీడియో పిల్లలు చూస్తారు, సాయంత్రం తాగి ఊగుతున్నది ఉదయం పాఠంలో గుర్తు రాకుండా ఉండదు. తానే బయట పెట్టుకున్నదాన్ని అడిగే హక్కు మనకు ఉంది. ప్రభువు నామం పెట్టుకున్న బడి ఇతర బడులకంటే ఎక్కువ కోరుకోవాలన్నదీ నేను వదలను. అయితే ఈ విషయంలో ఆమె ఏదీ బయట పెట్టలేదు, మనవాళ్లే తవ్వారు. మార్కుల సంగతి తెలిశాక ఆ కాగితాన్ని నడవడిక కాగితం అనడం కూడా సిగ్గుగా ఉంది. సిస్టర్, సోమవారం నేను ఇచ్చిన సలహా తప్పు.

ఒకటి అడుగుతాను, తార్నాక టీచర్ గారు చెప్పాలి. తల్లిదండ్రులుగా మేం అడగదగినవి ఏమిటి? మీరు టీచర్‌గా ఏ ప్రశ్నకు నొచ్చుకోరు?

తార్నాక టీచర్ | గురువారం, ఉదయం 5:40

మా పిల్లవాణ్ని కొట్టారా అని అడగండి, నొచ్చుకోను. ట్యూషన్ పిల్లలకూ మిగతావారికీ ఒకటే మార్కులు వేస్తున్నారా అని అడగండి. స్టాఫ్ రూమ్‌లో ఒంటరిగా బిడ్డను నిలబెట్టి మాట్లాడేటప్పుడు తలుపు తెరిచి ఉంటుందా అని అడగండి. రాత్రి పూట పిల్లల ఫోన్లకు సందేశాలు పంపే టీచర్ ఎవరైనా ఉన్నారా అని అడగండి, అది ఇప్పుడు అన్నిటికంటే ముందు అడగవలసినది. పేద పిల్లలను, ఫీజు బాకీ ఉన్న పిల్లలను పేరు పెట్టి నిలబెడతారా అని అడగండి. ఫీజు బాకీ పిల్లల జాబితా ప్రార్థన వేళ చదివిన బడిలో నేను పనిచేశాను, చదివింది నేనే. ఆఫీసు ఇచ్చింది, చదివాను. ఆ రోజు ఒక అమ్మాయి చెప్పులు చేతిలో పట్టుకుని గేటు దాకా నడిచి వెళ్లడం చూశాను, చెప్పులెందుకు విప్పిందో ఇప్పటికీ తెలియదు.

నా భర్త గురించి అడిగితే మాత్రం నొచ్చుకుంటాను.

మెట్టుగూడ అమ్మ | ఆదివారం, సాయంత్రం 7:15

అందరికీ కృతజ్ఞతలు. జరిగింది రాస్తాను.

కిందటి వారం శనివారం కాగితం మళ్లీ వచ్చింది. 38 సంతకాలు ఉన్నాయి, ఒకటి పెన్నుతో గట్టిగా కొట్టేసి ఉంది. ఎవరిదో నాకు తెలుసు గానీ ఇక్కడ రాయను. నేను పెట్టనన్నాను. కారణం అడిగితే, నేను చూసినది ఒక్కటే, దాని మీదైతే సంతకం పెడతానని చెప్పాను. ఒకావిడ నవ్వారు, మిగతావాళ్లు మాట మార్చారు.

తర్వాత మా వారితో కలిసి వెళ్లి ప్రిన్సిపాల్ గారికి వేరే ఉత్తరం ఇచ్చాను, అందులో ఆ మేడమ్ ప్రస్తావన లేదు. పిల్లలు ఫిర్యాదు చేయడానికి బడిలో ఎవరు ఉన్నారు, ఆ పేరు ఏ గోడ మీద ఉంది, కొత్త టీచర్‌ను తీసుకునేటప్పుడు పాత బడికి ఫోన్ చేసి అడుగుతారా, లేక ధృవపత్రం చూసి ఊరుకుంటారా, పిల్లల ఫోన్లకు టీచర్లు సందేశాలు పంపవచ్చా అని నాలుగు ప్రశ్నలు రాశాను. ఉత్తరం కింద మా ఇద్దరివి, మా పక్కింటి వారివి కలిపి నాలుగు సంతకాలు. ఆమె రెండుసార్లు చదివి, మూడో ప్రశ్న కింద పెన్సిల్‌తో గీత గీసి, కమిటీలో పెడతానన్నారు. రెండో శనివారం ఉదయం 10 గంటలకు రమ్మన్నారు. ఏమవుతుందో చూడాలి, కమిటీలో పెట్టినవి చాలా చూశానని మా వారు అంటున్నారు.

38 సంతకాల కాగితం కూడా అదే బల్ల మీదికి చేరింది. మేడమ్‌ను బడి నుంచి తీసేయలేదు, లెక్కలు ఆమే చెబుతున్నారు. విలువల పాఠం నుంచి మాత్రం తప్పించారు, ఆమెను ఏమీ అడగలేదట, పిల్లలకూ కారణం చెప్పలేదు. ఆ పాఠానికి ఇంకెవరినీ పెట్టలేదు. శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో ఏం చేశారే అని మా అమ్మాయిని అడిగితే, టీచర్ ఎవరూ రాలేదమ్మా, ఒకరి నోట్సులో చూసి ఒకరం సోషల్ హోంవర్క్ రాసుకున్నాం అంది.